చక్రాల మీద సంసారం

మాది షాబాద్ అని చెప్పగానే కొత్తవాళ్లెవరైనా సరే, "ఓహో, బండల వూరా!" అంటారు. ఆ పేరుతో చలామణీ అయ్యే నేలబండలు వచ్చేది కర్ణాటకలో, కలబురగి జిల్లాలోని షాహాబాద్ నుంచి. మాది రంగారెడ్డి జిల్లాలో, చేవెళ్ల పక్కనున్న షాబాద్. ఈ భేదం నలభై ఏళ్లుగా చెప్పి చెప్పి విసిగిపోయి, ఇప్పుడు "అవునండీ" అని వూరుకుంటున్నాను. మా ఇంట్లో పరిచినవి ఆ బండలే కనుక అది మరీ అబద్ధమూ కాదు. ఈ బండల ముచ్చట వూరికే ఎత్తలేదు. ప్రయాణం చివర మళ్లీ వాటి దగ్గరికే వస్తాం.

మా అబ్బాయి ఎడింబరోలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన దీపావళి నాడు ఫోను చేసి, "నాయనా, మే నెలలో నువ్వూ అమ్మా రండి. పది రోజులు సెలవు పెడతాను. క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకొని స్కాట్లండు ఉత్తరాన్నంతా చుట్టివద్దాం" అన్నాడు.

క్యాంపర్‌వ్యాన్ అంటే ఏమిటో మొదట నాకు బోధపడలేదు. వాడు ఫోటోలు పంపాక తెలిసింది. పెద్ద వ్యాను లోపల పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు, చిన్న మరుగుదొడ్డి అన్నీ అమర్చిపెడతారు. మజిలీ చేరగానే సీట్లు మడిచి పక్క వేసుకోవడమే. ఓస్, ఇంతేనా! నా చిన్నప్పుడు అనంతగిరి జాతరకు మేము పోయింది ఇలాగే గదా. సవారీబండిలో గడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేసి, వెనుక బియ్యం మూట, సత్తు గిన్నెలు, పప్పు, చింతపండు కట్టుకొని పోయేవాళ్లం. చెట్టు కింద మూడు రాళ్లు పెడితే వంటిల్లు, బండి కింద చాప వేస్తే పడకటిల్లు.

అసలు బిడారు కట్టుకొని ఉత్తరదేశం పోవడం తెలుగువాళ్లకు కొత్తా? మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా వుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేరి, డేరాలతో, పల్లకీ బోయీలతో, పరివారంతో హైదరాబాదు మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఏ వూళ్లో దిగారో, అక్కడ ఏం దొరికిందో, ఏం దొరకలేదో, తరువాత వచ్చేవాళ్లకు పనికొచ్చేటట్లు మజిలీ మజిలీకి రాసిపెట్టారు. నేనూ ఒక నోటుబుక్కు కొని, మొదటి పేజీలో "మజిలీలు" అని పెద్ద అక్షరాలతో రాశాను.

మా అబ్బాయి చెప్పిన దారికి "నార్త్ కోస్ట్ 500" అని పేరు. ఇన్వర్నెస్ పట్టణం దగ్గర మొదలై, స్కాట్లండు పడమటి తీరం, ఉత్తరపు కొస, తూర్పు తీరం చుట్టి మళ్లీ ఇన్వర్నెస్ చేరుతుంది. మొత్తం 516 మైళ్లు. మన లెక్కలో 830 కిలోమీటర్లు. రోడ్లు పాతవే గాని, అన్నిటినీ కలిపి ఈ పేరు పెట్టింది 2015లో. నేను స్కేలు పెట్టి మ్యాపు కొలిచి, రోజుకు వంద మైళ్ల చొప్పున అయిదు రోజులు, పైన ఒక రోజు విశ్రాంతి అని తేల్చేశాను. షాబాద్ నుంచి తిరుపతికి ఒక్క పగటిలో పోయినవాణ్ణి, నాకు వంద మైళ్లు ఒక లెక్కా!

లెక్కేనని అబ్బాయి ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. మన దేశంలో లాగే అక్కడా ఎడమపక్కనే నడపాలి, అంతవరకు మేలు. కాని పడమటి తీరంలో చాలాచోట్ల ఒక్క బండి పట్టే రోడ్డే. ఎదురుబండికి దారి ఇవ్వడానికి అక్కడక్కడ కొంచెం వెడల్పు చేసి వుంచుతారు. ఆ చోటు మన ఎడమపక్కన వుంటే అందులోకి తప్పుకోవాలి, కుడిపక్కన వుంటే దానికి ఎదురుగా రోడ్డు మీదే ఆగాలి. వెనుక వచ్చేవాళ్లు తొందరలో వుంటే వాళ్లకూ దారి వదలాలి. బాగుంది గదా అని అక్కడ బండి నిలిపి ఫోటోలు తీసుకుంటే స్థానికులకు ఒళ్లు మండుతుంది. ఆపిల్‌క్రాస్ పోయే దారిలో బీలాఖ్ నా బా అనే కనుమ వుంది. సముద్రమట్టం నుంచి 626 మీటర్ల ఎత్తుకు పాములా మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. పెద్ద వ్యాన్లు అటు రావద్దని బోర్డే పెట్టారు. అంటే వంద మైళ్లన్నది మన హైవే మీద వంద మైళ్లు కాదన్నమాట.

ఇంకొక సంగతి. 2003లో చేసిన భూసంస్కరణ చట్టం ప్రకారం స్కాట్లండులో ఎవరైనా కాలినడకన తిరగవచ్చు, చిన్న డేరా వేసుకోవచ్చు. ఆ హక్కు మోటారు బండికి లేదు. కనుక వ్యాను నిలపడానికి క్యాంపు సైట్లలో ముందుగానే చోటు రాయించుకోవడం మర్యాద. అక్కడ కరెంటు తగిలిస్తారు, నీళ్లు పట్టుకోనిస్తారు. మరుగుదొడ్డి డబ్బా ఖాళీ చేసుకోవడానికి వేరే చోటు వుంటుంది. దాన్ని గట్టు మీద పారబోసి పోతామంటే కుదరదు. బండి నడిచేటప్పుడు గ్యాసు కట్టేయాలి. పట్టీ వున్న సీటులోనే కూర్చోవాలి. వెనుక పడక వున్నది గదా అని నడిచే బండిలో నడుం వాల్చకూడదు.

ఇవన్నీ నేను నోటుబుక్కులో ఎక్కిస్తూ వుంటే మా ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ వింటూనే వుంది. చివరకు, "మీరు పోయి రాండ్రి. నాకు గా చలి పడది. నేను వాని ఇంట్లనే మనుమరాలిని సూసుకుంట వుంట" అంది.

ఆమె మాట నేను ఎప్పటిలాగే తీసుకున్నాను. శ్రీశైలం పోదామంటే ఇంట్లో పనుంది అంటుంది. భద్రాచలం అంటే మోకాళ్లు అంటుంది. ప్రయాణమంటే ఆమెకు సరదా లేదని ముప్పై ఏళ్ల కిందటే నిర్ణయించేశాను.

సంక్రాంతి వెళ్లాక మా మేనల్లుడు కొత్త కారు కొన్నాడు. "మామా, ముందు అనంతగిరి దాకా పోయి వద్దాం. నీ స్కాట్లండుకు రిహార్సల్ అనుకో" అన్నాడు. పొద్దున్నే బయలుదేరి, చేవెళ్ల దాటి, మన్నెగూడ వైపు సాగుతున్నాం. బీజాపూర్ రోడ్డుకు రెండుపక్కలా గొడుగు పట్టినట్టుండే ఆ మర్రిచెట్లు మీరూ చూసే వుంటారు. మొయినాబాద్ వైపు నుంచి మన్నెగూడ దాకా తొమ్మిది వందలకు పైగా వున్నాయని లెక్క కట్టారు. నేను ముందు సీట్లో కూర్చొని స్కాట్లండులో చెట్లు తక్కువని మేనల్లుడికి ఉపన్యాసం ఇస్తున్నాను.

వెనుక నుంచి మాట లేదు. తిరిగి చూస్తే మా ఆవిడ తల వాల్చేసి వుంది. పెదవులు ఎండిపోయాయి. గుండె గుభేలుమంది. మర్రిచెట్టు కింద కారు ఆపి, ముఖం తుడిచి, నీళ్లు తాగించాం. పది నిమిషాలకు తేరుకుంది. ఆమెకు ఎనిమిదేళ్లుగా సుగరు వుంది, మాత్రలు వేసుకుంటుంది. పొద్దున్నుంచీ చుక్క నీళ్లు తాగలేదట.

"దాహమైతే అడగాలె గదా అత్తా?" అన్నాడు మేనల్లుడు.

ఆమె వాడివైపు చూడలేదు. నన్ను చెట్టు అవతలికి పిలిచి మెల్లగా చెప్పింది. "తాగితే గంటకోసారి బండి ఆపాలె. ఎక్కడ ఆపుతరు? ఆపుమని ఎవరితోని చెప్పాలె? మొగపిల్లగానితోని చెప్పాల్నా? అందుకే తాగ."

నేను ఏమనగలను! శ్రీశైలం, భద్రాచలం, బంధువుల పెళ్లిళ్లు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఆమెకు ప్రయాణమంటే సరదా లేకపోవడం కాదు. ప్రయాణం వేసిన ప్రతిసారీ నేను మ్యాపును చూశాను గాని మనిషిని చూడలేదు. మా ఇంట్లోనే కాదు, చాలా ఇళ్లలో "నేను రాను" అన్న ఆడవాళ్ల మాట వెనుక ఇదే కారణం వుండి వుంటుందని ఇప్పుడు నా అనుమానం.

అనంతగిరి పోలేదు. అక్కడి నుంచే వెనుదిరిగాం. మరునాడు డాక్టరుకు చూపిస్తే, సుగరు మనిషి దాహాన్ని అణచుకోవడం ఎంత ప్రమాదమో చెప్పి ఇద్దర్నీ కలిపి చీవాట్లు పెట్టాడు. ఆ రాత్రి నోటుబుక్కులో రాసిన అయిదు పేజీలు కొట్టివేసి, కొత్త పేజీ తీసి ఆమె ముందు పెట్టాను. "నువ్వు చెప్పు, నేను రాస్తా" అన్నాను.

కాసేపు బెట్టు చేసి, తరువాత గట్టి గుమాస్తాలా ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎడింబరో నుంచి ఇన్వర్నెస్ దాకా వ్యానెందుకు? రైలు లేదా? వుంది, మూడున్నర గంటల ప్రయాణం. రైల్లో మరుగుదొడ్డి వుంటుంది, కనుక రైలే. వ్యాను ఇన్వర్నెస్‌లో తీసుకుంటాం. చుట్టంతా ఎందుకు తిరగాలి? తూర్పు తీరం వెంట పెద్దరోడ్డు వుంది. ఇన్వర్నెస్ నుంచి ఉత్తరపు కొసనున్న థర్సో దాకా సుమారు 110 మైళ్లు. రెండు రోజుల్లో పోయి, రెండు రోజులు అక్కడే వుండి, అదే దారిన రెండు రోజుల్లో వెనక్కి రావచ్చు. ప్రతి మజిలీలో శుభ్రమైన స్నానపుగదులున్న సైటే కావాలి. వ్యానులో మరుగుదొడ్డి వున్నది గనుక ఎక్కడ కావాలన్నా సిగ్గు లేకుండా ఆగవచ్చునని తెలిసినప్పుడు మాత్రం ఆమె ముఖంలో వచ్చిన వెలుగు నేను మరిచిపోలేను. "ముందుగాల గీ ముచ్చట చెప్పొద్దా!" అంది.

పడమటి కొండలు తప్పిపోతాయని అబ్బాయి కొంచెం నొచ్చుకున్నాడు. నిజమే, ఫోటోల్లో కనిపించే అందమంతా అటే వుంది. కాని తూర్పున మాత్రం తక్కువేమున్నది? హెల్మ్స్‌డేల్ దాటాక సముద్రపు కొండగట్టు మీద బాడ్‌బే అనే పాడుబడ్డ పల్లె వుంది. 18వ శతాబ్దం చివరి నుంచి అక్కడి భూస్వాములు గొర్రెల పెంపకం కోసం కౌలురైతులను తరతరాల లోయల నుంచి వెళ్లగొట్టారు. సదర్లండులో స్ట్రాత్‌నేవర్ లోయను 1814లోను, 1819లోను ఖాళీ చేయించారు. అలా పోగొట్టుకున్నవాళ్లు కొందరు బాడ్‌బేలో గుడిసెలు వేసుకున్నారు. గాలికి కొట్టుకుపోకుండా పిల్లలనూ పశువులనూ తాళ్లతో కట్టి వుంచేవారని చెప్పుకుంటారు. న్యూజిలాండుకు వలసపోయిన ఒకాయన కొడుకు 1911లో అక్కడ స్మారకస్తంభం కట్టించాడు. హైలాండు ప్రాంతం పాతిక వేల చదరపు కిలోమీటర్లకు పైబడినా జనం సుమారు 2 లక్షల 35 వేలే. ఆ నిశ్శబ్దాన్ని అందమని మెచ్చుకునేముందు, అందులో కొంత మనుషుల్ని వెళ్లగొడితే వచ్చినదని తెలిసి చూడటం మంచిది. కొడుకును దూరదేశం పంపిన తల్లిదండ్రులకు ఆ స్తంభం దగ్గర ఏమనిపిస్తుందో, వెళ్లి నిలబడితే గాని తెలియదు.

ఇక బండల సంగతి. థర్సో చుట్టూ వున్న కేత్‌నెస్ ప్రాంతం పలకబండలకు పేరుపడ్డది. 19వ శతాబ్దంలో కాసిల్‌టౌన్ రేవు నుంచి అవి ఓడల్లో దేశదేశాల వీధులకు పరచడానికి పోయేవి. అక్కడి పొలాలకు కంచె కూడా ఆ బండలే, వరసగా నిలబెట్టి పాతుతారు. ఫోటో చూపించగానే మా ఆవిడ, "అరె, మనోళ్లు కడీలు పాతినట్టే వున్నయి" అంది. చివరి మజిలీ ఆమే నిర్ణయించింది. బ్రిటన్ ప్రధాన భూభాగానికి ఉత్తరపు కొస జాన్ ఓ గ్రోట్స్ అని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి అది డనెట్ హెడ్. కాసిల్‌టౌన్‌కు దగ్గరే. అక్కడి దాకా పోయి, బండల కంచె చూసి, వెనక్కి.

మే చివరి వారానికి టిక్కెట్లు తీశాం. అప్పటికి అక్కడ రాత్రి పది కొట్టే వేళకు గాని పొద్దుగుంకదు. మిడ్జిలనే కుట్టే నుసుమలు జూన్ నుంచి విజృంభిస్తాయి గనుక ఈలోగానే తిరిగివస్తాం. పాలతో చేసినవి ఆ దేశంలోకి తీసుకురానివ్వరట, కనుక నెయ్యి డబ్బా ఇంట్లోనే. మామిడికాయ పచ్చడి, జొన్నపిండి, పల్లీల పొడి సర్దుతున్నాం. మందుల చీటీ చేతిసంచిలో.

మీ ఇంట్లోనూ వేసవి ప్రయాణాల ఆలోచన సాగుతూ వుంటే నాదొక చిన్న మనవి. మ్యాపు విప్పేముందు, "నేను రాను" అన్నవారి పక్కన కాసేపు కూర్చొని, ఎందుకు రారో అడగండి. నా నోటుబుక్కులో "మజిలీలు" అన్న మాట కింద ఇప్పుడు మొదటి వాక్యం మా ఆవిడ చెప్పగా రాసినదే: "గంటకోసారి బండి ఆగవలె. ఎవరూ కారణం అడగరాదు."