చెవి కారే పిల్లోడు

మా నాయన మార్కాపురం పలకల గనిలో రాయి కొట్టేవాడు. ఆ పలకల మీద దేశదేశాల పిల్లలు అక్షరాలు దిద్దారు. మా తమ్ముడికి మాత్రం అక్షరం అంటలేదు.

చిన్నప్పట్నుంచీ వాడి చెవులు కారేవి. అమ్మ వెల్లుల్లి కాచిన నూనె పోసేది. జలుబు చేస్తే చీము తిరగబెట్టేది. దగ్గరగా పిలిస్తే పలికేవాడు గనక చెవుడని ఎవురూ అనుకోలేదు. మాదిగపల్లె పిల్లలకి బళ్లో చివరి వరసే. పంతులు గొంతు అక్కడిదాకా సగమే వచ్చేది. "ఈళ్లకి చదువెక్కుద్దా" అన్నాడాయన. అయిదులోనే బడి మాని వాడూ గనికి పోయాడు.

ఏళ్ల తర్వాత ఒంగోలులో డాక్టరు చూస్తే రెండు కర్ణభేరులకీ చిల్లులు!

సగం వినే పిల్లోడికి మాట చివర్లు అందవు. విననిది పలకలేడు, పలకనిది రాయలేడు. మాటలు నేర్చే తొలి ఏళ్లలో వినికిడి తగ్గితే చదువూ, నలుగురితో కలవడమూ వెనకబడతాయి. చీముకి వేళకి మందేసి, చెవి తడవకుండా చూస్తే చాలామందికి తగ్గుద్ది. చిల్లు మానకపోతే ఆపరేషనుతో మూస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, సర్కారు బళ్లలో పిల్లల చెవులు చూడాల.

మన పల్లెకి ఆ డాక్టర్లు వచ్చారా? మన పిల్లోణ్ణి ఏ వరసలో కూచోబెట్టారు? బడికి పోయి అడగండి. మొద్దని రాసే ముందు చెవి చూడమనండి.