సానుభూతికీ చదువు కావాలి

ఒకరి కష్టాన్ని చూసి మనసు కరగడమే సేవకు తగిన అర్హత అని మేము చాలాకాలం నమ్మాము. ఆ నమ్మకం ఎంత అసంపూర్ణమో తెలియడానికి మా సహోద్యోగి ఒకరు ప్రాణాపాయం దాకా వెళ్ళవలసి వచ్చింది.

మేమంటే మా విభాగపు సంక్షేమ సంఘ సభ్యులము, అయిదుగురము. ఆ మిత్రుడు పనితనం గల ఫిట్టరు. బి షిఫ్టు దిగి నేరుగా మద్యం దుకాణానికి వెళ్ళడం, మరునాడు గైర్హాజరు కావడం, జీతం ఇంటికి చేరకపోవడం టౌన్‌షిప్పులో అందరికీ తెలిసినవే. ఆయన శ్రీమతి ఒకనాటి సాయంత్రం మా వద్దకు వచ్చి, “అన్నయ్యగారూ, మీ మాటైతే వింటారు” అన్నారు. ఆ మాట మాకు కొంత గర్వం కలిగించిందని ఒప్పుకోవాలి.

ఆ ఆదివారం అందరమూ వారింటికి వెళ్ళాము. పిల్లల ఎదుటనే నీతులు చెప్పాము. దేవుని పటం ముందు ప్రమాణం చేయించాము. ఇక చుక్క ముట్టనని ఆయన కన్నీళ్ళతో అన్నారు. మేము కాఫీ తాగి, తృప్తిగా ఇళ్ళకు మరలాము.

మరునాటికి ఆయన చేతులు వణకసాగాయి. ఒళ్ళంతా చెమటలు. ఆ మాత్రం ఉంటుంది, ఓర్చుకోమని కబురు పంపాము. ఆ రాత్రి మూర్ఛ వచ్చింది. మూడవనాడు గదిలో లేని మనుషులతో మాట్లాడసాగారు. ఆసుపత్రిలో వైద్యులు, “రోజూ ఇంతగా తాగే మనిషి చేత ఒక్కసారిగా ఎవరు మాన్పించారు?” అని అడిగారు. మాలో ఎవరమూ తల ఎత్తలేదు.

ఏళ్ళ తరబడి అధికంగా తాగినవారు హఠాత్తుగా మానితే మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చు. అవి ప్రాణాంతకం కూడా కావచ్చు. అందుచేత అట్టివారికి వైద్య పర్యవేక్షణలో, మందులతోను బి1 విటమిన్‌తోను మాన్పించవలసి ఉంటుంది. శిక్షణ పొందిన కౌన్సెలరు మొదట తెలుసుకునే విషయాలలో ఇది ఒకటి. మాకు తెలియనిది ఇదే.

ఆయన కోలుకున్నాక అక్కడి కౌన్సెలరుగారు మమ్మల్ని వెలుపల కూర్చోమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నలతో ఆరంభించి, ఆయన చెప్పినదంతా విన్నారు. రెండు గంటల మా ఉపదేశంలో ఒక్క ప్రశ్న కూడా లేదని అప్పుడు గుర్తుకు వచ్చింది. లోపల ఏమి మాట్లాడారని అడిగితే, “అది ఆయన సొత్తు” అని ఆమె చిరునవ్వుతో చెప్పారు.

ఈ వృత్తికి మన ప్రాంతంలో పునాదులు ఉన్నాయి. మద్యం మూలంగా భర్తను కోల్పోయిన శ్రీమతి శాంతి రంగనాథన్ 1980లో మద్రాసులో చికిత్సా సంస్థను ప్రారంభించారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. 1951లో ఏర్పడిన కొలంబో ప్లాన్ 2009లో ఈ రంగపు వృత్తి నిపుణుల శిక్షణకు, ధ్రువీకరణకు ఒక కేంద్రాన్ని నెలకొల్పింది. ధ్రువపత్రం అంటే గోడకు తగిలించే కాగితం మాత్రమే కాదు. చదువు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని, పరీక్ష, గోప్యతను కాపాడే నీతినియమావళి అన్నీ దాని వెనుక ఉంటాయి. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మద్యం సేవించేవారు సుమారు 16 కోట్లు. ఇంతమందికి మావంటి సదుద్దేశపరులు చాలరు.

మా మిత్రుడు ఆ తరువాత ఒకమారు మళ్ళీ తాగారు. ఈసారి మేము నిందించలేదు. ప్రమాణమూ చేయించలేదు. కౌన్సెలరుగారి వద్దకు తోడు వెళ్ళి, వరండాలో కూర్చున్నాము. ఇప్పుడు ఆయన క్రమంగా డ్యూటీకి వస్తున్నారు.

మాలో ఒకరు ఆ శిక్షణకు దరఖాస్తు చేశారు. తక్కిన నలుగురమూ 14446 అనే జాతీయ సహాయవాణి సంఖ్యను నోటీసు బోర్డుపై అతికించాము. సహృదయులైన పాఠకులకు మా మనవి ఒక్కటే: తోటివారి చేయి విడువకండి, కాని చికిత్సను చదివినవారికి అప్పగించండి.