పదిహేను మేకలు, మూడు పులులు, మా అమ్మమ్మ

గత ఏడాది నా జీతంలో కొంత అట్టపెట్టెలకి తగలేశాను. అదేనండీ, బోర్డు గేములు. శనివారం రాత్రి హైదరాబాదులో మా ఫ్లాట్లో నలుగురం కూర్చుంటే తెల్లవారుజామున మూడింటికి గానీ లేచేవాళ్ళం కాదు. ఏడాది ఆటలో నాకు బాగా నచ్చినవి మూడు చెప్తాను.

మూడోది కటాన్. క్లౌస్ టాయిబర్ అనే జర్మన్ 1995లో తెచ్చాడు. ఇటుకలిస్తే గొర్రెలిస్తానంటూ బేరాలాడి, ఊళ్ళు కట్టి, ముందు పది పాయింట్లు చేసినవాడిదే గెలుపు. స్టేటస్ మీటింగులో కునికిపాట్లు పడే మావాడొకడు ఈ గొర్రెల బేరానికి మాత్రం నిటారుగా కూర్చుంటాడు :) కాకపోతే ఎంత లెక్కేసినా పాచికలు కలిసిరాకపోతే అంతే సంగతులు.

రెండోది టికెట్ టు రైడ్ (2004). అమెరికా మ్యాపు మీద గంటలో రైలు మార్గాలు వేసెయ్యొచ్చు. కోనసీమవాడికి ఇంతకన్నా పెద్ద కలేముంటుంది చెప్పండి! మా కోటిపల్లి-నరసాపురం లైను 2000-01లో మంజూరైంది. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు.

ఇక మొదటిది. సంక్రాంతికి రాజోలు దగ్గర అమ్మమ్మ వాళ్ళూరు వెళ్తూ కటాన్ పెట్టె పట్టుకెళ్ళాను. అమ్మమ్మ ఆ ముక్కలన్నీ తిరగేసి చూసి, "ఇన్నెందుకురా? సుద్దముక్క తే" అంది. అరుగు గచ్చు మీద తాతయ్య ఎప్పుడో ఉలితో గీసిన గీతలున్నాయి, సగం అరిగిపోయాయి. వాటి మీదే దిద్దింది. పులి-మేక!

ఇరవై మూడు చుక్కలు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి అవతలి ఖాళీలోకి దూకితే మేక పోయినట్టే. మేకల్ని ఒక్కొక్కటే దింపాలి, అన్నీ దిగేదాకా కదపకూడదు. పులులకి కదలడానికి దారి లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. పాచికల్లేవు, అదృష్టం లేదు.

పులులు నేను తీసుకున్నాను. నాలుగు చింతపిక్కలు తినేసి కాలరెగరేశాను. "తొందరేంట్రా నీకు, అన్నీ దిగనీ" అంది. దిగాక చూస్తే నా పులులు మూడూ మూలన నక్కి ఉన్నాయి. వరసగా మూడాటలు ఓడిపోయాను.

1996 నవంబరు 6 తుఫానుకి కొబ్బరితోట పడిపోయినప్పుడు, కరెంటు లేని ఆ రాత్రుళ్ళు తాతయ్యా తనూ ఈ గీతల మీదే ఆడుకున్నారట. తోట గురించి మాట్లాడుకోలేక ఆడేవాళ్ళమంది.

ఆ సాయంత్రమే మావయ్య చెప్పాడు, వేసవిలో అరుగు పగలగొట్టి టైల్స్ వేయిస్తున్నానని. వద్దని వాదిద్దామని నోరు తెరిచాను. కానీ పోయిన వానాకాలం ఆ గచ్చు పగుళ్ళలోనే కాలు పడి అమ్మమ్మ పడిపోయింది. నేను ఏడాదికి రెండుసార్లు వచ్చేవాణ్ణి, దానిమీద రోజూ నడిచేది ఆవిడ. నోరు మూసుకున్నాను.

వచ్చేముందు ఆ గీతల మీద పెద్ద కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాను. హైదరాబాదులో అదే కొలతలతో చెక్క మీద చెక్కించి, టైల్స్ వేశాక పంపాను. అందగానే ఫోను చేసింది. బాగుందనీ లేదు, బాలేదనీ లేదు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు? ఈసారి మేకలు నువ్వు తీసుకో, నేర్పుతాను."

నెంబర్ వన్ ఎందుకో అర్థమైంది కదా! ఇంతకీ మీ ఊళ్ళో ఈ ఆటకి మేకలెన్ని? మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చూడండి. వీలైతే ఓ సుద్దముక్క కూడా ఇచ్చి అడగండి.