బిజీ పిన్ను చెప్పేదాకా ఆగాలి

ఎల్‌సీడీ డ్రైవర్లు రాసిన చెయ్యి ఈ-పేపర్ దగ్గర తొందరపడుతుంది. నా చెయ్యీ తొందరపడింది. ఎల్‌సీడీలో సెకనుకు 60 సార్లు బొమ్మ మారుతుంది కాబట్టి తప్పు గీసినా కంటికి ఆనదు. ఇక్కడ తప్పు గీస్తే కరెంటు తీసేసినా అలాగే ఉండిపోతుంది.

తెరలో సన్నటి గుళికలు, వాటిలో తెల్లవీ నల్లవీ రేణువులు. 15 వోల్టులు అటూ ఇటూ మార్చి ఇస్తే ఒకటి పైకొస్తుంది, ఒకటి కిందికి దిగుతుంది. ఏ వోల్టేజి ఎంతసేపు, ఏ వరసలో ఇవ్వాలో చెప్పే పట్టికే వేవ్‌ఫామ్.

నా మొదటి ప్యానెల్ 2.9 అంగుళాలది, 296 బై 128. చుక్కకో బిట్టు, మొత్తం 4,736 బైట్లు. ఎస్‌పీఐ మీద పంపడం చిటికెలో పని. తెర మారడానికే సెకన్లు పడతాయి, ఆలోగా ఇంకో కమాండ్ పంపకూడదు. కంట్రోలర్ తన పని అయ్యిందో లేదో బిజీ పిన్ను మీద చెబుతుంది. కొన్నింట్లో హై అంటే బిజీ, కొన్నింట్లో లో. పాత ప్రాజెక్టు కోడ్ ఎత్తుకొచ్చి తలకిందులుగా చదివాను. మూడు రోజులు బూడిదరంగు మరకలే. మా సీనియర్ వచ్చారు. కోడ్ వైపు చూడలేదు, ఆసిలోస్కోప్ ప్రోబ్ తీసి పిన్నుకు తగిలించారు. "ముందు పిన్ను ఏమంటోందో విను, కోడ్ తర్వాత చదువుదువుగాని" అన్నారు. పిన్ను చదివే తీరు సరిచేశాక, ఆ సాయంత్రం తెర నాలుగైదుసార్లు నల్లగా తెల్లగా మెరిసి, మధ్యలో 'అ' నిలబడింది. కేబుల్ పీకేశాను. అక్షరం కదల్లేదు. రాత్రి ఇంటికి పట్టుకెళ్లి అమ్మకు చూపించాను.

తర్వాతి దెబ్బ లినక్స్ కెర్నల్ కన్సోల్‌ది. కర్సర్ మిణుకు మిణుకుమంటుంటే ప్రతి మిణుకుకీ ప్యానెల్ రిఫ్రెష్. బూట్ ఆప్షన్లలో కర్సర్ ఆపేయండి, అది మొదటి పని. మార్పులు పోగేయడానికి జయ కుమార్ 2007లో లినక్స్‌లోకి తెచ్చిన డిఫర్డ్ ఐఓ ఉంది. ప్రోగ్రాం రాసిన పేజీని పేజ్ ఫాల్ట్‌తో పట్టుకుని, కాసేపు ఆగి, మారినవన్నీ ఒకేసారి డ్రైవర్ చేతికిస్తుంది. నేటి కెర్నల్ డిస్‌ప్లే వ్యవస్థ డీఆర్‌ఎమ్‌లో ఏ భాగం మారిందో డ్యామేజ్ క్లిప్పులు చెబుతాయి. నోరాల్ఫ్ ట్రోన్నెస్ రాసిన రిపేపర్ డ్రైవర్ కెర్నల్లోనే ఉంది, చదవండి. నా చదువు సగం అక్కడే.

పాక్షిక రిఫ్రెష్ చాలా కంట్రోలర్లలో పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ పోల్చి పని చేస్తుంది. పాతది కంట్రోలర్ రామ్‌లో సరిగ్గా లేకపోతే నీడలు మిగులుతాయి. అన్నీ సరిగ్గా ఉన్నా నీడలు పేరుకుంటాయి, అందుకే లెక్క పెట్టుకుని మధ్యమధ్య పూర్తి రిఫ్రెష్ ఇస్తాను.

ఇప్పటికీ మనసులో గుచ్చుకునేది ఒక మే నెల. ఏసీ గదిలో బ్రహ్మాండంగా నడిచిన బోర్డును ఎండలోకి తీసుకెళ్తే అంకెల వెనక పాత అంకెలు కనిపించాయి. వేవ్‌ఫామ్ ఉష్ణోగ్రతను బట్టి మారాలి. నా డ్రైవర్ ఉష్ణోగ్రతను బూట్‌లో ఒక్కసారే చదివి, చల్లటి గది లెక్కతోనే నడిపేస్తోంది. ఆ రీడింగును బూట్‌లో నడిచే ప్రోబ్ ఫంక్షన్‌లోంచి తీసి రిఫ్రెష్ ఫంక్షన్ మొదటి వరసలో పెట్టాను. ఆ తర్వాత నేను రాసిన ప్రతి డ్రైవర్‌లోనూ అది అక్కడే ఉంది.