దీపాలదిన్నె నుంచి దుర్గి దాకా

“ఈ దిబ్బ చూపించడానికా నాయనా ఇంత దూరం తీసుకొచ్చావు?”

అమరావతి మహాచైత్యం ముందు నిలబడి ఓ పెద్దావిడ కొడుకును అడిగిన మాట ఇది. ఆయన బదులు చెప్పలేదు. గైడేమో అప్పటికే 125 అడుగుల ధ్యానబుద్ధుడి విగ్రహం వైపు పదండి పదండి అంటున్నాడు. బస్సు మధ్యాహ్నానికల్లా చేబ్రోలు చేరాలి, పొద్దుగూకేలోపు కొండవీడు ఎక్కాలి. స్తూపం, గుళ్లు, కోట అన్నీ ఒక్కరోజులో చూపించే యాత్ర అది. పత్రిక సంపాదకులు నన్ను రాసుకురమ్మన్నదీ దాని గురించే. కానీ ఆ తల్లి అడిగిన మాట అక్కడితో నన్ను వదల్లేదు.

ఆవిడ తప్పేం మాట్లాడలేదు. కంటికి ఆనేది గుండ్రటి ఇటుకల గట్టు, దాని మీద గడ్డి, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు. మిగతాదంతా ఎటు పోయిందో చెప్పే మనిషి పక్కన లేకపోతే అది దిబ్బే.

జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త పట్నం కట్టించిన రోజుల్లో, ఊరివాళ్లు దీపాలదిన్నె అని పిలుచుకునే ఈ మిట్టలో తవ్వేకొద్దీ ఇటుకలు, చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. గోడలకు, మెట్లకు పనికొచ్చినవి అలా తరలిపోయాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి, అప్పటికి మిగిలిన శిల్పాల బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన పలకలు 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. 1880 నుంచి అవి బ్రిటిష్ మ్యూజియం సొత్తు. అమరావతి శిల్పాలు, శాసనాలు 120కి పైగా అక్కడున్నాయి. మరో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

ఇదంతా గైడు రెండు ముక్కల్లో తేల్చేశాడు. దాతల సంగతి అసలు ఎత్తనేలేదు. నాకు బాధ కలిగింది అక్కడే. ఈ స్తూపానికి రాయి ఇచ్చినవాళ్లంతా రాజులూ మంత్రులూ కారు. సుగంధద్రవ్యాలు అమ్ముకునే వర్తకులున్నారు, భిక్షుణులున్నారు, మామూలు గృహస్థులున్నారు. నాగ అనే ఉపాధ్యాయుడి కొడుకు విధికుడు తోలుపని చేసుకునేవాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు అందరినీ కలుపుకుని పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేశాడు. ఆ సంగతి పలక మీదే చెక్కించాడు. తోళ్లు కోసుకుని బతికే ఇల్లు రాయి కొనిచ్చి, తమవాళ్లందరినీ పుణ్యంలో భాగస్వాములను చేసిందని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పెద్దావిడ ఇంకాసేపు నిలబడేది. వేటూరి ప్రభాకరశాస్త్రి తొలి తెలుగు మాటగా గుర్తించిన ‘నాగబు’ కూడా ఇక్కడి రాతి ముక్క మీదిదే. పక్కనున్న మ్యూజియంలో స్తూపం నమూనా ఉంది. బస్సు అక్కడ ఆగలేదు.

చేబ్రోలులో దొరికింది ఇరవై నిమిషాలు. కోనేటి మధ్యనున్న చతుర్ముఖ బ్రహ్మ గుడి ముందు అందరూ ఫొటోలు దిగారు. అదీ వెంకటాద్రి నాయుడు కట్టించినదే. భీమేశ్వరాలయం దగ్గర బయటపడిన శాసనం గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. శాతవాహన రాజు విజయుడి కాలంలో, క్రీ.శ. 207లో వేసిన శాసనం అది. సప్తమాతృకల ప్రస్తావన అందులో ఉంది. దక్షిణ భారతంలో ఇంతవరకు దొరికిన కాలనిర్ణయం చేయదగ్గ సంస్కృత శాసనాల్లో ఇదే మొదటిదని 2019లో పురావస్తు శాఖవారు వెల్లడించారు. కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కేసరికి చీకటి పడింది. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న రెడ్డిరాజుల రాజధానిని సెల్‌ఫోన్ లైట్ల వెలుగులో చూసి దిగాం.

మర్నాడు మాచర్ల మిత్రుడొకరు ఫోన్ చేసి, “రాళ్లు చూశావు సరే, రాయి కొట్టేవాళ్లను చూడవా?” అన్నాడు. అలా దుర్గి ప్రయాణం. పల్నాడులో మిరప కల్లాలు ఎర్రగా పరుచుకున్న రోజులవి. గోనెపట్టాల మీద కూర్చుని ఆడకూలీలు తాలుకాయలు ఏరుతున్నారు. ఆ ఘాటుకు బస్సులో సగం మంది దగ్గుతూనే ఉన్నారు. చేలల్లో ఆఖరి పత్తి తీత నడుస్తోంది.

దుర్గిలో రేకుల షెడ్డు కింద ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, రాతి పలక ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. సుత్తి వెనక వైపుతో పలకను అక్కడక్కడా కొట్టి చెవి పెట్టి విన్నాడు.

“ఖంగుమంటే మంచి రాయి సార్. మొద్దుగా పలికిందా, లోపల నెర్రె ఉన్నట్టు. నెల పని చేశాక పగిలితే ఎవుడిస్తాడు?”

పలక మీద ఎర్రరంగుతో గీసిన పద్మం. కొన్ని రేకులు పైకి లేచాయి, మిగతావి ఇంకా గీతలే. సన్నటి ఉలిని ఏటవాలుగా ఆనించి, సుత్తిని ఎత్తకుండా మణికట్టుతోనే ఆడిస్తున్నాడు. నాలుగు దెబ్బలు, ఆ తర్వాత నోటితో ఊది దుమ్ము తీయడం, బొటనవేలి మెత్తతో రేకు అంచు తడమడం, మళ్లీ నాలుగు దెబ్బలు. కంటి కన్నా వేలినే ఎక్కువ నమ్ముతున్నాడు. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి అడ్డంగా మొలిచింది. పూర్తయ్యాక ఆకురాయితో రుద్ది, ఉప్పుకాగితం పెడతాడట.

పక్కన ప్లాస్టిక్ కవరులో ఒక జిరాక్సు కాగితం ఉంది. ఏదో పుస్తకంలోని అమరావతి ప్రాకారపు పద్మం. అసలు రాయి లండన్‌లో ఉంది.

“ఇది మన పల్నాటి రాయే సార్. దీన్నే వాళ్లూ చెక్కారు. మేం చూడాలంటే మాత్రం కాగితమే.”

ఇంగ్లీషువాళ్లు అమరావతి పాలరాళ్లని పేరు పెట్టినా నిజానికి అది పల్నాటి సున్నపురాయి. ఆయన చెప్పినదాంట్లో అణువంత అతిశయం లేదు. అదే జాతి రాయి మీద పని చేస్తున్న చేతులు ఇంకా ఈ ఊళ్లో ఉన్నాయి. దుర్గి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. అయినా ఆయనకొచ్చే బేరాలు నందులు, నాగప్రతిమలు, వినాయకుళ్లు. పద్మం అడిగి చేయించుకునేవాళ్లు ఏడాదికి ఒకరో ఇద్దరో. కొడుకు టైల్స్ పనికి పోతున్నాడు. “కూలి ఆ సాయంత్రమే చేతిలో పడుద్ది. నేనెట్టా వద్దంటాను బాబూ?” అన్నాడాయన.

వద్దనమని ఎవరూ ఆయనకు చెప్పలేరు. అడగాల్సింది యాత్రలు నడిపేవాళ్లను, స్తూపం బాగోగులు చూసేవాళ్లను. లండన్ రాళ్లు తిరిగి రావాలన్న కోరిక న్యాయమైనదే, అది ఎప్పటికి తేలుతుందో చెప్పలేం. ఈలోగా చేయగలిగింది చాలా ఉంది. మహాచైత్యం పక్కనే ఒక పందిరి వేసి, దుర్గి పనివాళ్లను రోజుకూలికి తగ్గకుండా జీతమిచ్చి కూర్చోబెట్టవచ్చు. మెకంజీ గీయించిన బొమ్మలు చూసి, ఇదే రాయిలో ప్రాకారం తిరిగి చెక్కించవచ్చు. విధికుడి పేరు పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించి దారి పక్కన పెట్టవచ్చు. అవతల 125 అడుగుల విగ్రహం కట్టగలిగినవాళ్లకు ఇది మోయలేని ఖర్చు కాదు. ఉలి చప్పుడు వినిపించే చోట ఆ పెద్దావిడ దిబ్బ అని అనదు.

ఆ పద్మానికి ఇంకా తొమ్మిది రేకులు మిగిలాయి. మాచర్ల వైపు వెళ్లేవాళ్లు దుర్గిలో ఒక గంట ఆగండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. ఏమీ కొనకపోయినా ఆయన చెక్కి చూపిస్తాడు.