పది జలపాతాలు... ఒక వ్యాను... ఇద్దరు పిల్లలు!

సినిమాల్లో జలపాతానికి సాధారణంగా రెండే వేషాలిస్తారు. ఒకటి, హీరో హీరోయిన్లు తడుస్తూ పాడుకునే పాటకి వెనక తెర. రెండు, క్లైమాక్సులో విలన్ కాలుజారి పడిపోవడానికి ఒక అగాధం. పాట పూర్తవగానే, విలన్ పడిపోగానే జలపాతానికి ప్యాకప్ చెప్పేస్తారు. పాపం, నీ సొంత కథేమిటని దాన్ని అడిగేవాళ్లుండరు!

అలా సొంత కథ ఉన్న జలపాతాల గురించే ఈ ముచ్చట. ఒకటి కాదు, పది! అమెరికాలో పడమటి తీరాన ఆరెగాన్ రాష్ట్రం ఉంది. అక్కడ ఒకే కాలిబాట మీద ఈ పదీ వరసగా దర్శనమిస్తాయి. ఆ చోటి పేరు సిల్వర్ ఫాల్స్ స్టేట్ పార్క్. పోర్ట్‌లాండ్ నగరం నుంచి సుమారు గంటన్నర ప్రయాణం. రాష్ట్ర రాజధాని సేలం నుంచి అయితే గంట కూడా పట్టదు. సేలం అనగానే మోడరన్ థియేటర్స్ వారి స్టూడియో గుర్తొచ్చిందా? అది తమిళనాడు సేలం. ఇది వేరే లెండి!

పోర్ట్‌లాండ్ పక్కనే ఉన్న హిల్స్‌బరో, బీవర్టన్ ఊళ్లలో మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. మాదీ అందులో ఒక ఇల్లు. అమ్మాయికి తొమ్మిదేళ్లు, అబ్బాయికి అయిదేళ్లు ఉన్నప్పుడు మొదటిసారి క్యాంపర్ వ్యానులో ఈ పార్కుకి వెళ్లాం. ఆ తర్వాత అదొక అలవాటైపోయింది. సంక్రాంతికి సొంతూరు వెళ్లినట్టు, ఏడాదికోసారి సిల్వర్ ఫాల్స్!

ఇల్లూ అదే, బండీ అదే

క్యాంపర్ వ్యాను అంటే మన స్టార్ల క్యారవాన్‌కి చిన్న తమ్ముడు లాంటిది. కాకపోతే హీరోగారి క్యారవాన్‌లో హీరోగారొక్కరే విశ్రాంతి తీసుకుంటారు. ఇందులో కుటుంబం యావత్తూ సర్దుకోవాలి. ముందు రెండు సీట్లు, వెనక రెండు సీట్లు. వెనక సీట్లు వాలిస్తే పరుపు. పైకప్పు ఎత్తితే అటక లాంటి ఇంకో పడక. ఓ మూల చిన్న స్టవ్వు, చిన్న సింకు, చిన్న ఫ్రిజ్. అన్నీ చిన్నవే, పోట్లాటలు మాత్రం పెద్దవి! అటక మీద పడక నాదంటే నాదని మొదటి రాత్రే అక్కాతమ్ముళ్లు జుట్లు పట్టుకున్నారు.

మాకు సొంత వ్యాను లేదు. రెండు మూడు రోజులకి అద్దెకి తెచ్చుకుంటాం. బయల్దేరే రోజు పొద్దున్నే మా ఆవిడ పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాకెత్తి, ఆవకాయ సీసా భద్రంగా గుడ్డలో చుడుతుంది. ఆ అడవిలో నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి తిండి పదార్థాలేవీ రాత్రిపూట బయట వదలకూడదు. "ఎలుగుబంటి వస్తే ఎలా అమ్మా?" అని అబ్బాయి బెంగపెట్టుకుంటే, "మన ఆవకాయ ఒక్కసారి నాకిందంటే మళ్లీ ఈ చుట్టుపక్కలకి రాదులేరా" అంది మా ఆవిడ.

ఊరంత హీరో - ఒక కుక్క

పార్కుకి వెళ్లే దారిలో సిల్వర్టన్ అనే చిన్న ఊరు తగుల్తుంది. అక్కడ ఆగకపోతే మా పిల్లలు ఒప్పుకోరు. కారణం బాబీ అనే కుక్క! 1923లో ఈ ఊరి కుటుంబం ఒకటి బాబీని వెంటబెట్టుకుని కారులో ఇండియానా రాష్ట్రానికి వెళ్లింది. అక్కడ వీధికుక్కలు తరిమితే బాబీ తప్పిపోయింది. ఎంత వెతికినా కనిపించలేదు. చేసేది లేక వాళ్లు ఏడుస్తూ తిరిగొచ్చేశారు. ఆరు నెలల తర్వాత, 1924 ఫిబ్రవరిలో, పాదాలు అరిగిపోయి, ఒళ్లు చిక్కిపోయి ఆ కుక్క సిల్వర్టన్ వీధిలో ప్రత్యక్షం! మధ్యలో కొండలు, ఎడార్లు, మంచు, నదులు... నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు నడిచి ఇంటికొచ్చింది.

సినిమావాళ్లు ఊరుకుంటారా? ఆ ఏడాదే 'ది కాల్ ఆఫ్ ది వెస్ట్' అనే మూకీ చిత్రంలో బాబీ చేత బాబీ వేషమే వేయించారు. ఇప్పుడు ఊళ్లో దాని బొమ్మ, గోడ మీద దాని కథంతా వర్ణచిత్రాలుగా ఉన్నాయి. మొదటిసారి ఆ గోడ ముందు నిలబడి మావాడు అడిగిన ప్రశ్న నాకింకా గుర్తే. "నేను తప్పిపోతే నాకు ఇంటి దారి తెలుస్తుందా నాన్నా?" నేను నవ్వాను గానీ, ఆ ప్రయాణమంతా వాడి చెయ్యి వదల్లేదు.

నీటి తెర వెనక్కి...

పార్కులో పెద్ద పేరు సౌత్ ఫాల్స్‌ది. ఎత్తు 177 అడుగులు. ఎత్తులో అయితే మన చిత్తూరు వైపు తలకోనే గొప్ప, అది 270 అడుగులు. కానీ సౌత్ ఫాల్స్ ప్రత్యేకత ఎత్తు కాదు. కాలిబాట దాని వెనక్కి వెళ్తుంది! తల మీద రాతి చూరు, కళ్ల ముందు పడుతున్న నీటి తెర, ఆ తెరలోంచి అలుక్కుపోయినట్టు పచ్చటి అడవి. పక్కనున్నవాళ్ల మాట వినపడదు. ఇలా వెనక్కి నడవగల జలపాతాలు ఈ బాటలో నాలుగున్నాయి.

ఈ ఏర్పాటు చేసిన ఆర్ట్ డైరెక్టరు ఎవరంటారా? ప్రకృతే! సుమారు కోటిన్నర ఏళ్ల కిందట ఇక్కడ లావా పొరలు పొరలుగా పారి, చల్లారి, నల్లటి బసాల్ట్ రాయి అయింది. కింద పొర మెత్తన, పై పొర గట్టి. నీటి తుంపర, మంచు కలిసి మెత్తటి పొరని తొలిచేశాయి. గట్టి పొర చూరులా మిగిలింది. నార్త్ ఫాల్స్ వెనక గుహ అయితే ఓ చిన్న థియేటరంత ఉంటుంది. దాని కప్పులోకి తలెత్తి చూస్తే గుండ్రటి గొట్టాల్లాంటి కన్నాలు. అవి ఒకప్పుడు చెట్లు! లావా చెట్ల చుట్టూ కమ్ముకుని గడ్డకట్టింది. చెట్టు పోయింది, చెట్టున్న చోటు మిగిలింది. మావాడికి ఆ గుహలోకి రాగానే పూనకం వస్తుంది. 'బాహుబలి'లో ప్రభాస్‌లా చేతులు చాచి నిలబడాల్సిందే!

మొత్తం బాట 7.2 మైళ్లు, అంటే పదకొండున్నర కిలోమీటర్లు. అయిదేళ్లవాడితో అంత నడక కుదరదు. అందుకే మొదటి ఏడాది సౌత్ ఫాల్స్ చుట్టూ తిరిగి సరిపెట్టుకున్నాం. ఏటా ఒకటో రెండో జలపాతాలు కలుపుకుంటూ పోయాం. పదీ పూర్తయ్యేసరికి వాడికి పదేళ్లొచ్చాయి. మొదట్లో తిరిగొచ్చేటప్పుడు నా భుజాల మీద ఉండేవాడు. ఇప్పుడు మెట్లెక్కేటప్పుడు వెనక్కి తిరిగి, "నాన్నా, రాగలవా?" అని చెయ్యందిస్తున్నాడు. ఆ రెంటికీ మధ్య గడిచిందెంతకాలమని? తొమ్మిదేళ్లే!

తెర మీద ఈ అడవి

షూటింగులకి ఈ పార్కు కొత్త కాదు. 1981లో వచ్చిన 'జస్ట్ బిఫోర్ డాన్' అనే భయానక చిత్రం ఇక్కడ తీశారు. అయిదుగురు కుర్రాళ్లు కొండల్లోకి విహారానికి వెళ్తే ఒక హంతకుడు వెంటపడతాడు. చివర్లో వాడి పని పట్టేది హీరో కాదు, హీరోయినే! 2003లో విలియం ఫ్రీడ్‌కిన్ తీసిన 'ది హంటెడ్', 2008లో కుర్రకారుని ఊపేసిన 'ట్వైలైట్' చిత్రాల్లో అడవి దృశ్యాలు కొన్ని ఇక్కడివే. ఆ ఎత్తైన డగ్లస్ ఫర్ చెట్లు, రాళ్ల మీద నాచు, పొగమంచు చూస్తే ఏ కెమెరామన్‌కైనా చేతులు ఊరుకోవు.

వ్యానులో వాన రాత్రి

ఇహ అసలు విషయానికొస్తాను. మా అమ్మాయికి పదహారేళ్లొచ్చాయి. ఆ వయసు పిల్లలున్న ఇల్లు మీకు తెలుసుగా. ఎవరి గది వాళ్లది, ఎవరి ఫోను వాళ్లది. అన్నం తినడానికి బయటికి రావడమే గొప్ప. ఆ ఏడాది ఏప్రిల్‌లో పార్కుకి వెళ్తే జోరున వాన. వ్యానులో నలుగురం. వేసుకోవడానికి తలుపు లేదు, చూసుకోవడానికి ఫోనులో సిగ్నలు లేదు. రేకు కప్పు మీద వాన చప్పుడు మాత్రమే.

అటక మీంచి గొంతు వినిపించింది. "నాన్నా, నేను కంప్యూటర్స్ చదవను. కెమెరా పని చదువుతాను. సినిమాటోగ్రఫీ."

ఇంట్లో అయితే ఏం జరిగేదో నాకు తెలుసు. నేను హాల్లోకి, తను గదిలోకి. మధ్యలో మా ఆవిడ రాయబారం. పది రోజులు మౌనవ్రతం. ఇక్కడ వెళ్లడానికి చోటేది? బయట వాన, చీకటి. "అందులో అన్నం దొరుకుతుందా తల్లీ?" అన్నాను. "అందరికీ దొరకదు. ప్రయత్నించనీ" అంది. "మీ నాన్నకి సినిమా చూడటం ఇష్టమేగానీ, సినిమావాళ్లింట్లో ఉండటం ఇష్టం లేదు" అని మా ఆవిడ చురక. మావాడు నిద్రలోనే నవ్వాడు. రెండు గంటలు దాటేదాకా మాట్లాడుకున్నాం. తేలిందేమీ లేదు. కానీ తను అంతసేపు నాతో మాట్లాడి ఎన్నాళ్లయింది?

కెమెరా కాపాడిన అడవి

మర్నాడు వాన వెలిసింది. నడక మొదలుపెట్టాం. దారిలో డ్రేక్ ఫాల్స్ అని ఒకటుంది. 27 అడుగులే. పదింటిలోకీ పొట్టిది. దాని పేరు వెనక కథ మా అమ్మాయే చెప్పింది, ముందే చదివి పెట్టుకుందిట!

1920లలో ఈ చోటు ఇప్పటిలా లేదు. కలప కోసం అడవిని నరికేశారు. ఎటు చూసినా మొద్దులే. సౌత్ ఫాల్స్ చుట్టూ ఉన్న స్థలం ఒక ఆసామీది. ఆయన టిక్కెట్టు పెట్టి జనానికి వినోదం చూపించేవాడు. ఏమిటా వినోదం? పాత కార్లని జలపాతం మీంచి కిందకి తోయించడం! 1928లో ఆల్ ఫాసెట్ అనే సాహసికుడు పడవలో కూర్చుని ఆ 177 అడుగుల మీంచి దూకాడు. డూపు లేడు, ట్రిక్ షాట్ లేదు. గాయాలతో బతికి బయటపడ్డాడు.

అదే కాలంలో సిల్వర్టన్‌లో జూన్ డ్రేక్ అనే ఫొటోగ్రాఫరుండేవాడు. జూన్ అన్నా మగవాడే లెండి! బరువైన కెమెరా మోసుకుంటూ ఏళ్ల తరబడి ఈ లోయలో తిరిగాడు. ప్రతి జలపాతాన్నీ ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు పట్టుకుని, ఈ చోటుని కాపాడండి అని పెద్దలందరి చుట్టూ తిరిగాడు. 1926లో దీన్ని జాతీయ పార్కు చేసే ప్రతిపాదన వచ్చింది. చూడ్డానికొచ్చిన అధికారులకి జలపాతాల కన్నా మొద్దులే ఎక్కువగా కనపడ్డాయి. కుదరదన్నారు. డ్రేక్ వదల్లేదు. చివరికి 1933లో ఇది రాష్ట్ర పార్కు అయింది.

ఆ తర్వాత ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వం పనిలేని కుర్రాళ్లని తెచ్చి ఇక్కడ పనిలో పెట్టింది. నెలకి 30 డాలర్ల కూలి. అందులో 25 నేరుగా ఇంటికి పంపేవారు. ఈ బాటలు, రాతి గోడలు, సౌత్ ఫాల్స్ దగ్గరున్న అందమైన చెక్క భవనం వాళ్ల చేతి చలవే. మనం చూసి 'అబ్బ, ఎంత సహజమైన అడవి!' అనుకునేదంతా చాలావరకు నరికేశాక మళ్లీ పెరిగినదే.

కథంతా విని మావాడు, "మరి అంత చేసినాయనకి ఇంత పొట్టి జలపాతమిచ్చారేంటి?" అన్నాడు. మా అమ్మాయి కెమెరా కంటికి ఆనించుకునే ఉంది. "ఫొటో తీసేవాడు ఫొటోలో పడడు కదరా" అంది.

నేనేమీ అనలేదు. ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో, ఆ చదువు ఏయే కాలేజీల్లో ఉందో కనుక్కుందామన్నాను. అంతే.

మీరూ వెళ్తారా?

బంధువులు అటువైపు ఉంటే తప్పక వెళ్లండి. వసంతంలో నీళ్లు ఉరవళ్లు తొక్కుతుంటాయి. ఆగస్టుకి సన్నబడతాయి. వింటర్ ఫాల్స్ వేసవిలో దాదాపు ఎండిపోతుంది, పేరే చెబుతోందిగా! అక్టోబరులో మేపుల్ ఆకులు బంగారు రంగుకి తిరుగుతాయి. ఏ కాలమైనా వానకోటు, జారని చెప్పులు ఉండాలి. బాట దిగి సెల్ఫీలకి పోవద్దు, నాచు రాయికి హీరో, విలన్ తేడా తెలియదు. వాయిదా కూడా వేయొద్దు. 2020 సెప్టెంబరులో పెద్ద కార్చిచ్చు వచ్చి పార్కు ఆగ్నేయపు కొసని కాల్చింది. జలపాతాల లోయ బతికిపోయింది. అన్ని మంటలూ అలా ఆగవు.

వ్యాను నిలుపుకునే చోటు ఆరు నెలల ముందే రిజర్వు చేసుకోవచ్చు. సెలవు రోజులకైతే మొదటి రోజు మొదటాటలా క్షణాల్లో హౌస్‌ఫుల్! మా అమ్మాయి ఈ సెప్టెంబరులో కాలేజీకని వేరే రాష్ట్రం వెళ్లింది, కెమెరా చదువుకే. వచ్చే ఏప్రిల్‌కి అక్టోబరులో చోటు రిజర్వు చేస్తున్నాను. ఎంతమంది అని అడిగే దగ్గర వేలు ఆగింది. ఇంతలో హాస్టల్ నుంచి తనే ఫోన్ చేసింది.

"నాన్నా, ముగ్గురని వేసేవు! నలుగురు. అటక నాది. వాడికి చెప్పు."