ఓటీపీ చెప్పుండ్రి, మేడమ్!

నా నవలలో కథానాయిక సరిగ్గా ఇల్లు వదిలి వెళ్ళబోతోంది. చేతిలో పెట్టె, కళ్ళలో నీళ్ళు. ఎలాగో గుమ్మం దాకా తీసుకొచ్చాను. ఇక ఒక్క అడుగే. అంతలో ఫోను మోగింది.

"మేడమ్, డెలివరీ! ఇంటి ముందర్నే వున్న. ఓటీపీ చెప్పుండ్రి."

ఇంటి ముందంటే నా ఇంటి ముందు కాదు సుమండీ! నేనుండేది వనపర్తిలో. అతను నిలబడ్డది గద్వాలలో మా అమ్మ ఇంటి ముందు. డబ్బు కట్టింది నేను, సరుకు అందుకోవలసింది అమ్మ, ఆ రహస్యపు అంకెలు వచ్చింది నా ఫోనుకి. మధ్యలో కృష్ణానది! కళ్ళజోడు వెతుక్కుని, అంకెలు ఒక్కొక్కటే చదివి, "అమ్మ పండుకుని వుంటది, గడప కాడ పెట్టి పో తమ్ముడూ" అని చెప్పి వచ్చేసరికి మా కథానాయిక మనసు మార్చేసుకుంది. పెట్టె లోపల పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాలుగు నెలలుగా ఆ నవల నడక ఇదే. ఆవిడ ఇల్లు కదలదు, నేను కుర్చీ కదలను.

నా పుట్టిల్లు గద్వాల, మెట్టినిల్లు వనపర్తి, మా ఆడబిడ్డది నాగర్‌కర్నూల్. ఈ మూడిళ్ళకీ కావలసినవన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించే భారం నా నెత్తిన ఎప్పుడు పడిందో గుర్తులేదు గాని, ఎందుకు పడిందో మాత్రం బాగా తెలుసు. అమ్మకి ఫోనులో అక్షరాలు ఆనవు. ఆడబిడ్డకి ఆఫీసు. మావారికి కాలేజీ. నాకో? "నీకేం వదినా, ఇంట్లోనే గదా!" నవలలు రాసే ఆడదానికి పనేమీ వుండదని లోకం ఏనాడో తీర్మానించేసింది కదా.

నేను చదివింది బి.ఏ. చరిత్ర, రాజనీతిశాస్త్రం, తెలుగు సాహిత్యం. కౌటిల్యుడి గూఢచారుల గురించి నాలుగు పేజీల జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కానీ ఒకే రోజు మూడూళ్ళలో మూడు పెట్టెలు దిగుతుంటే ఏ ఇంట్లో ఎవరుంటారో, ఎవరు స్నానంలో వుంటారో, ఏ పిల్లవాడికి ఏ అంకెలు చెప్పాలో, ఇవి ఏ మాస్టారూ చెప్పలేదు. పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో గళ్ళు గీసుకున్నాను. ఊరు, వస్తువు, వచ్చే రోజు, చివర్న ఒక టిక్కు. "మీ ఆవిడగారు ఇప్పుడేం రాస్తున్నారండీ?" అని ఎవరైనా అడిగితే మావారు తాపీగా "చిరునామాలు" అంటున్నారు.

చిరునామా అంటే గుర్తొచ్చింది. మూడూళ్ళ పిన్‌కోడ్లూ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. గద్వాల 509125, వనపర్తి 509103, నాగర్‌కర్నూల్ 509209. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ అంకెలు సరుకుని ఊరిదాకా బుద్ధిగానే తెస్తాయి. వీధిలోకొచ్చాకే వాటికి దిక్కుతోచదు. మా అమ్మ ఇంటి నంబరు అమ్మకే తెలీదు. కరెంటు బిల్లు మీద ఒకటుంటే, ఇంటిపన్ను రశీదు మీద ఇంకొకటుంది. ఇలా కాదని "కోట వెనక, వేపచెట్టు ఇల్లు" అని రాశాను.

"అక్కా, వేపచెట్టు యాడుంది?"

"చెట్టు లేదు తమ్ముడూ. రెండేండ్లయింది, కొట్టేసిన్రు."

"లేని చెట్టు రాసిన్రేందక్కా!"

నిజమే! కానీ ఆ వీధిలో ఎవర్నడిగినా ఇప్పటికీ వేపచెట్టు ఇల్లనే చెబుతారు. చెట్టు పోయినా పేరు పోలేదు. ఆ సంగతి గోదాములో పెట్టెలు కట్టేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

పైగా మా ఊళ్ళ జాతకం కూడా అలాంటిదే. 2014 దాకా ఆంధ్రప్రదేశ్ అని రాశాం, తరవాత తెలంగాణ అని రాశాం. 2016 అక్టోబరు 11 దాకా మూడూళ్ళూ మహబూబ్‌నగర్ జిల్లావే. ఆ రోజుతో మూడూ మూడు జిల్లాలై కూర్చున్నాయి. నాగర్‌కర్నూల్ తిప్పలు మరీనూ. ఒకసారి ఆడబిడ్డ మిక్సీ రాలేదని ఫోను చేస్తే, అవతలి అమ్మాయి ఎంతో తియ్యగా "మీ కర్నూలు పార్సిల్ గురించే కదా మేడమ్" అంటుంది! అమ్మా తల్లీ, కర్నూలు తుంగభద్రకి అవతల, వేరే రాష్ట్రం, మాది నాగర్‌కర్నూల్ అని భూగోళం పాఠం చెప్పాను. అంతా విని "అర్థమైంది మేడమ్, కర్నూలు" అంది.

నిజానికి సరుకు ఇంటికే తెప్పించుకోవడం మా పాలమూరుకేమీ కొత్త కాదు. నా చిన్నప్పుడు నాన్న విజయవాడ నుంచి వి.పి.పి.లో పుస్తకాలు తెప్పించేవారు. పోస్టుమాన్ చేతిలో డబ్బు పెడితేనే కట్ట ఇచ్చేవాడు. 1877 నుంచీ మన తపాలా శాఖలో వున్న పద్ధతే అది. ఇప్పుడు "క్యాష్ ఆన్ డెలివరీ" అని కొత్త చొక్కా తొడిగారు, అంతే. ఇంకో ముచ్చట చెబితే మీరు నమ్మరు. 2007లో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అని ఇద్దరు కుర్రాళ్ళు బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ మొదలుపెట్టినప్పుడు, మొట్టమొదట పుస్తకం తెప్పించుకున్న పెద్దమనిషి ఎవరనుకున్నారు? మహబూబ్‌నగర్ ఆయన! జాన్ వుడ్ రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు ఛేంజ్ ది వరల్డ్' అనే ఇంగ్లీషు పుస్తకం కావాలన్నారట. తీరా చూస్తే అది వాళ్ళ దగ్గర లేదు. బెంగళూరు పుస్తకాల షాపుల్లో వెతికి వెతికి పట్టుకుని పంపించారు. ఆ మొదటి గిరాకీ మా జిల్లాదేనని తెలిసిన రోజు నాకు కాస్త గర్వం కూడా కలిగింది.

మా గద్వాల నుంచి వెళ్ళే సరుకు మాత్రం తక్కువదా? ఏటా బ్రహ్మోత్సవాలకి తిరుమల వెంకన్నకి ఏరువాడ జోడు పంచెలు ఇక్కడి మగ్గాల మీదే నేసి పంపుతారు. ఓటీపీ అడక్కుండా సరుకు అందుకునే భాగ్యం ఆయనొక్కడిదే. ఇంత నేత ఇక్కడ పెట్టుకుని మా ఆడబిడ్డ ఆన్‌లైన్‌లో గద్వాల చీర తెప్పించింది. చౌక అంది. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు వుండాల్సిన చీర, తల నుంచి కాలి దాకా ఏ జాతిదో తెలియని జారుడు గుడ్డ! ఎక్కడో మరమగ్గం మీద పుట్టి, దేశమంతా తిరిగి మా పక్క జిల్లాకి వచ్చింది. దాన్ని తిరిగి పంపడానికి పట్టిన ఫోన్ల కాలంలో నేను రెండధ్యాయాలు రాసేదాన్ని. ఆ గోల ఇక్కడ వద్దు లెండి.

గద్వాలలో అమ్మ ఇంటికి వచ్చేది ఎప్పుడూ ఒకే పిల్లవాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. మొదట్లో మేడమ్ అనేవాడు, వేపచెట్టు గొడవ తరవాత అక్కా అనడం మొదలుపెట్టాడు. "పెట్టెకింతని ఇస్తరక్కా, పెట్రోలు మాదే. మనిషి లేక తిప్పుకపోతే ఆ తిరుగుడంత గంగల గలిసినట్టే" అని ఒకసారి చెప్పాడు. అప్పట్నుంచీ అతని ఫోను వస్తే కథానాయికని ఎక్కడున్నదక్కడ వదిలేసి పరుగెత్తేదాన్ని. ఒకసారి ఒక పెట్టె పక్కింట్లో నాలుగు రోజులు వుండిపోయింది. అప్పట్నుంచి గడప దగ్గర పెట్టి ఒక ఫోటో తీసి పంపమన్నాను. ఫోటో వచ్చేది, నేను పుస్తకంలో టిక్కు పెట్టేదాన్ని, గద్వాల పని అయిపోయేది.

పోయిన నెలలో మంగళవారం ఒక ఫోటో వచ్చింది. టిక్కు పెట్టాను. గురువారం ఇంకోటి వచ్చింది. టిక్కు పెట్టాను.

గురువారం రాత్రి పడుకోబోతూ, పెట్టె మూల నలిగినట్టుందే, లోపల సీసా పగిలిందేమోనని ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. మూల బాగానే వుంది. గడప కూడా బాగానే వుంది. కానీ ఏదో లోటుగా అనిపించింది. ఏమిటో తోచలేదు. మళ్ళీ చూశాను. గడప ముందు ముగ్గు లేదు.

మంగళవారం ఫోటో తీశాను. అందులోనూ లేదు.

మా అమ్మ సంగతి మీకు తెలీదు. నాన్న పోయిన ఆ పదకొండు రోజులు తప్ప, ఆ వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వెయ్యని పొద్దు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బిందె నీళ్ళకి తన్నుకులాడిన ఎండాకాలాల్లో కూడా చెంబెడు నీళ్ళు వాకిలికని దాచేది. వెంటనే ఫోను చేశాను.

"అమ్మా, ఎట్లున్నవ్?"

"బాగనే వున్న బిడ్డా. తిన్న, పండుకున్న."

"ముగ్గెందుకు వెయ్యలే?"

అవతల కాసేపు మాట లేదు.

"వనపర్తిల వుండి నీకెట్ల కనపడ్డదే?"

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. 2023 డిసెంబరు నుంచి మాకు టికెట్టు లేదు కదా, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు చేతిలో పెడతారు. పైసా ఖర్చు లేని ఆ ప్రయాణం చేసి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకుంటే పెబ్బేరు వచ్చేసింది. మూడు నెలలు దాటింది. ఆ మూడు నెలల్లోనూ పుస్తకంలో గద్వాల గడి నిండా టిక్కులే! బీచుపల్లి వంతెన మీద బస్సులోంచే ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాను. ఎర్రవల్లి చౌరస్తా మలుపు తిరిగాక ఇంక కూర్చోలేకపోయాను.

అమ్మ కుడి మణికట్టు పూరీలా పొంగి వుంది. సోమవారం తెల్లవారుజామున సాన్పి చల్లుతూ జారిపడిందిట. పసుపూ సున్నం కలిపి పట్టు వేసుకుంది. ఎడం చేత్తో అటుకులు పాలల్లో వేసుకుని తింటోంది. నేను పంపిన పెట్టెలు రెండూ గోడవార ఒకదాని మీద ఒకటి, విప్పకుండా! ఒంటిచేత్తో ఆ టేపు చింపడం ఎవరి తరం? పైదాంట్లో ఏముందో తెలుసా? నొప్పుల తైలం. మోకాళ్ళకని నేనే తెప్పించాను.

"ఫోన్ల చెప్పొద్దా అమ్మా?"

"నువ్వు రాసుకునే పనిల వుంటవు. పొద్దుకు పదిసార్లు నాకోసం ఆ పిల్లగానితోని మాట్లాడుతనే వుంటివి. మల్ల నేను గూడనా?"

ఈ మాటకి అప్పుడూ జవాబు చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. మరి నేను అమ్మతో మాట్లాడింది ఎప్పుడు? మాట్లాడిందంతా అమ్మ గడపలో నిలబడ్డ ఆ పిల్లవాడితోనే కదా!

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముక చిట్లిందని చెప్పి, ఆరు వారాలకి పిండికట్టు వేశారు. సాయంత్రం ఆ పిల్లవాడు కోట దగ్గర కనిపిస్తే గట్టిగానే అడిగాను. రెండుసార్లు వచ్చావే, చెయ్యి చూళ్ళేదా, నాకొక్క మాట చెప్పొద్దా అని.

"చూసినక్కా. అవ్వ ఒట్టేయించుకున్నది, చెప్పొద్దని" అన్నాడు తల వంచుకుని. "పాల పాకెట్ నేనే తెచ్చిచ్చిన, మూడు నాడులు."

పాలకి పెట్టెకింతని ఎవరూ ఇవ్వరు కదా. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటికి పిలిచి టీ ఇచ్చాను.

ఇప్పుడు నేను గద్వాలలోనే వున్నాను. వనపర్తి ఇంటికి వచ్చే పెట్టెలకి మావారే దిక్కు. రోజుకి రెండుసార్లు పాఠం మధ్యలో ఫోను మోగుతోందిట, పిల్లలు నవ్వుతున్నారుట. "నువ్వు ఇన్నాళ్ళూ ఇదంతా చేస్తూ ఎలా రాశావే?" అన్నారు నిన్న. రాయలేదు మహాప్రభో అన్నాను.

పొద్దున్నే వాకిలి పని నాదే. అమ్మ కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని, చుక్క చుక్కకీ వంక పెడుతుంది. మొన్న ఆ పిల్లవాడు పెట్టె తెచ్చాడు. నేను ఎదురుగానే నిలబడి వున్నా, అలవాటుకొద్దీ గడప దగ్గర పెట్టి ఫోటో తీసి నాకే పంపాడు. అమ్మ ఆ ఫోను అడిగి తీసుకుని, పెద్దది చేయించుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎడమ పక్క రెండు చుక్కలు తప్పినవ్" అంది.